బోరు వేసే రోజు రిగ్గు కూలీల ఒంటి మీద ఏముండాలి?

కల్లూరు ప్రాంతంలో బోరు బండి మాట్లాడుకునేటప్పుడు రైతు అడిగేది అడుగుకు ఎంత, కేసింగ్‌కు ఎంత అని. రాడ్ల దగ్గర నిలబడే కుర్రాళ్లు ఏం తొడుక్కున్నారో చూసేవారు తక్కువ. ప్రమాదమంటూ జరిగితే అది మన చేలోనే.

ముందు చూడాల్సింది హెల్మెట్ కాదు, వదులు బట్ట. తిరుగుతున్న రాడ్డుకు తువాలు కొసో లుంగీ అంచో చుట్టుకుంటే, వదిలించుకునే లోపే మనిషిని లాగేస్తుంది. లుంగీ వద్దు, మెడలో తువాలు వద్దు. ప్యాంటు, ఒంటికి పట్టి ఉండే చొక్కా చాలు. చేతుల బొత్తాలు పెట్టుకోవాలి. చేతి కడియం, మొలతాడుకు వేలాడే తాళాలు కూడా తీసేయాలి. తోలు గ్లౌజులు రాడ్లు ఎత్తేటప్పుడు మంచివే, కానీ రాడ్డు తిరిగేటప్పుడు గ్లౌజు చేయి దగ్గరకు పోకూడదు. అదీ చుట్టుకుంటుంది.

రాడ్డు జారి పడితే చెప్పులు పాదాన్ని కాపాడవు. ముందు భాగంలో ఇనుప రేకు ఉన్న బూట్లు, ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్ ఉండాలి. రాతి ముక్కలు ఎగిరి పడతాయి కాబట్టి కళ్లద్దాలు కూడా.

ఇక దుమ్ము. నీళ్లు పడేదాకా రాయి పిండిగా పైకి లేస్తుంది. గట్టి రాతిలోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే జబ్బు సిలికోసిస్. దాన్ని నయం చేసే మందు లేదు. ముఖానికి కట్టిన తువాలు సన్నటి పిండిని ఆపదు. ఎన్-95 మాస్కు కావాలి, అదీ ముఖానికి అతుక్కుని ఉండాలి. గుబురు గడ్డం ఉంటే సందుల్లోంచి దుమ్ము పోతుంది. రంధ్రంలోకి నీళ్లు కొడుతూ తవ్వమని డ్రైవర్‌కు చెప్పండి, దుమ్ము చాలావరకు అణుగుతుంది. మీరు చూడ్డానికి వెళితే గాలి వచ్చే వైపు, దూరంగా నిలబడండి. పిల్లల్ని అసలు రానివ్వద్దు.

చేయి చాపినంత దూరంలోని మనిషికి కేక వేస్తే గానీ వినపడకపోతే ఆ చప్పుడు చెవులు పాడుచేసేదే. కంప్రెషర్ దగ్గర జరిగేది ఇదే. దూది పెట్టుకుంటే లాభం లేదు, ఇయర్ ప్లగ్గులు కావాలి.

ఇవన్నీ కొనివ్వాల్సింది బండి యజమాని. 2002 వాల్టా చట్టం ప్రకారం బోరుకు అనుమతి, రిగ్గుకు రిజిస్ట్రేషన్ ఉండాలి గదా, ఆ కాగితాలు అడిగినప్పుడే వీటి సంగతీ తేల్చుకోండి. అడ్వాన్సు ఇచ్చాక అడిగితే వినేవారు తక్కువ.

చేను మీదుగా కరెంటు తీగలుంటే మాత్రం ఏ బూట్లూ గ్లౌజులూ కాపాడవు. బండి మాస్టు లేపకముందే లైన్‌మన్‌ను పిలవండి.