దవడ నొప్పి: అన్‌డూ బటన్ లేని వైద్యం కథ

ఆవులిస్తే చెవి పక్కన టక్కుమని సౌండ్, పొద్దున లేవగానే దవడ బిగుసుకుపోయి ఉండటం. మీలో చాలామందికి తెలిసిన బాధే కదా! చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి చూడండి. అక్కడ కదిలేదే టెంపొరోమాండిబ్యులర్ జాయింట్, షార్ట్‌గా టీఎంజే. ఈ చిన్న కీలుకి వైద్యం చేయబోయి మనుషులు ఏయే దారులు తొక్కారో, అందులో ఒక దారి ఎంత నష్టం చేసిందో ఇవాళ చూద్దాం.

మొదట ఈజిప్ట్ వెళ్దాం. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో రాసిన ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లో, దవడ జారి నోరు మూసుకోలేని మనిషికి ఏం చేయాలో ఉంది. బొటనవేళ్ళు నోట్లో, దవడ ఎముక చివర్ల మీద పెట్టి, మిగతా వేళ్ళతో గడ్డం కింద పట్టుకుని వెనక్కి నెట్టాలి. ఇవాళ క్యాజువాలిటీలో డాక్టర్ చేసేది కూడా దాదాపు ఇదే. అయితే జారిన దవడ కంటికి కనిపిస్తుంది, నొప్పి కనిపించదు. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది.

1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టర్ 11 మంది పేషెంట్ల గురించి ఒక పేపర్ రాశారు. పళ్ళు ఊడిపోతే దవడ అతిగా మూసుకుపోయి కీలు దగ్గరి నరాలని నొక్కుతోంది, చెవి నొప్పికీ తలనొప్పికీ కారణం అదేనని ఆయన వాదన. 1948లో హ్యారీ సిషర్ అనే అనాటమీ నిపుణుడు, ఆ ఎముకల నిర్మాణంలో అలా జరగడం కుదరదని చూపించారు. కానీ అప్పటికే 'పళ్ళు సరిచేస్తే నొప్పి పోతుంది' అనే నమ్మకం పాతుకుపోయింది. పళ్ళు అరగదీయడం, క్యాప్‌లు వేసి ఎత్తు పెంచడం కొనసాగాయి.

1976లో ఒక చక్కటి ప్రయోగం వచ్చింది. గుడ్‌మన్, గ్రీన్, లాస్కిన్ అనే పరిశోధకులు 25 మందికి పళ్ళు అరగదీస్తున్నట్టు నటించారు, అంతే. నిజంగా ఏమీ అరగదీయలేదు. వాళ్ళలో 16 మంది నొప్పి పూర్తిగానో, దాదాపు పూర్తిగానో పోయిందన్నారు! అంటే ఏ ట్రీట్‌మెంట్ తర్వాతైనా 'తగ్గింది' అన్నంత మాత్రాన అది పనిచేసినట్టు కాదన్నమాట.

ఈ పాఠం అందరికీ ఎక్కలేదు. కీలు మధ్యలో కుషన్‌లా ఒక డిస్క్ ఉంటుంది. అది పక్కకి జరగడమే సమస్య అనే ఆలోచన బలపడింది. మరి జరిగిన డిస్క్ తీసేసి ఆ ఖాళీలో వేరేది పెడితే? అమెరికాలో హ్యూస్టన్‌లోని వైటెక్ కంపెనీ ప్రోప్లాస్ట్-టెఫ్లాన్ ఇంప్లాంట్ అమ్మింది. అవును, నాన్‌స్టిక్ పెనం మీద ఉండే టెఫ్లానే. 1983లో ఎఫ్‌డీఏ దీన్ని '510కే' దారిలో అనుమతించింది. మార్కెట్లో ఉన్న పాత వస్తువు లాంటిదే అని చూపిస్తే చాలు, మనుషుల మీద కొత్తగా పరీక్షలు అడగకుండానే దాటిపోయే దారి అది.

దవడ రోజంతా కదులుతూనే ఉంటుంది. తినాలి, మాట్లాడాలి, గుటక వేయాలి. ఆ ఒత్తిడికి ఇంప్లాంట్ పొడిపొడిగా రాలింది. ఆ ముక్కల మీద శరీరం యుద్ధం ప్రకటించి, చుట్టూ ఉన్న ఎముకనే తినేయడం మొదలుపెట్టింది. కొందరిలో ఆ నష్టం పుర్రె అడుగు ఎముక దాకా పోయింది. ఇంప్లాంట్ తీసేసినా కరిగిన ఎముక తిరిగి రాదు. 1990లో వైటెక్ దివాలా తీసింది, అదే ఏడాది చివర్లో ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. నొప్పి తగ్గుతుందని వెళ్ళినవాళ్ళు సర్జరీ మీద సర్జరీ చేయించుకుంటూ బతకాల్సి వచ్చింది.

తర్వాత గాలి మళ్ళింది. 1991లో నిట్జన్, డాల్విక్ బృందం కీలుని కోయకుండా సూదులతో కడిగే ఆర్త్రోసెంటెసిస్ గురించి రాసింది. 2023లో బీఎంజే ప్రచురించిన గైడ్‌లైన్, దీర్ఘకాలిక టీఎంజే నొప్పికి గట్టిగా సిఫార్సు చేసినవి ఏంటో తెలుసా? దవడ వ్యాయామాలు, థెరపిస్ట్ చేత్తో చేసే చికిత్స, నొప్పిని ఎదుర్కోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. డిస్క్ తీసేసే సర్జరీని గట్టిగా వద్దంది. బొటాక్స్‌ని కూడా మామూలుగా వాడొద్దనే వైపే మొగ్గింది.

సర్జరీయే తప్పని కాదు. కీలు ఎముకలు అతుక్కుపోయినా, గడ్డ ఉన్నా అది కావాల్సిందే. నోరు తెరుచుకోకుండా లాక్ అయినా, వాపు, జ్వరం ఉన్నా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నొప్పి లేకుండా ఉత్త టక్ సౌండ్ మాత్రమే వస్తుంటే చాలాసార్లు ఏ ట్రీట్‌మెంట్ అక్కర్లేదు.

ఎవరైనా మీ పళ్ళు అరగదీద్దాం, కీలు ఆపరేషన్ చేద్దాం అంటే మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: 'డాక్టర్ గారూ, ఇది పనిచేయకపోతే మళ్ళీ పాత స్థితికి రావచ్చా?' రాలేమంటే, రాగలిగేవన్నీ ముందు ప్రయత్నించామా అని చూసుకోండి. ఆ ప్రశ్న విలువ ఏంటో వైటెక్ పేషెంట్లు తమ ఎముకలతో కట్టి చెప్పారు.

మళ్ళీ కలుద్దాం. అప్పటిదాకా పళ్ళు కొరక్కండి, దవడ కాస్త వదులుగా ఉంచండి.