అశోకుని శాసనమూ, మా ఇంటి గండుపిల్లీ

మా చాగలమర్రి ఇంటి పెరటిలో మూడేళ్ళుగా పెత్తనం చేస్తున్న గండుపిల్లికి మొన్న మాఘమాసంలో శస్త్రచికిత్స చేయించి, వెదురుబుట్టలో పెట్టుకొని బస్సులో తిరిగివచ్చాను. బుట్ట దించీ దించకముందే మా ఆవిడ అడిగిన ప్రశ్న: "ఏమండీ, ఇంక దీన్ని గండుపిల్లి అనొచ్చునా?"

తెలుగు పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. జవాబు తోచలేదు.

గండు అంటే మగది. గండుకోయిల, గండుతుమ్మెద అంటాము. పౌరుషమనే అర్థమూ అందులోనే ఉన్నది. పశువుల విషయంలో మన భాషకు ఈ చిక్కు లేదు. కోడెదూడకు విత్తు కొట్టిస్తే ఎద్దు. కొట్టకుండా విడిచిపెడితే ఆబోతు. పితృకర్మలో భాగంగా కోడెకు ముద్రవేసి వదిలే వృషోత్సర్జనం నుంచి 'అచ్చోసిన ఆంబోతు' అనే తిట్టు కూడా పుట్టింది. కాని విత్తు తీసిన పిల్లికి మాట లేదు. మాట లేదంటే మన పెద్దలకు ఆ పనితో అవసరం పడలేదన్నమాట. అవసరం లేనిచోట సామెత లేదు, అవ్వల అనుభవమూ లేదు. ఆ ఖాళీని జనం ఎద్దుతో పూరించుకుంటున్నారు. మా వీధిలోని పెద్దరైతు ఒకాయన అరుగు మీద నుంచే పలకరించాడు: "ఏం అయివారూ, పిల్లికి బీజం నొక్కిచ్చినారంట? ఇంక ఎద్దు మాదిరి పడుంటాది లెండి."

ఆ మాట నాకు గుచ్చుకున్నది. దానికి కారణమున్నది. నా బాల్యంలో కోడెకు విత్తు కొట్టడం ఒకసారి కళ్ళారా చూశాను. వేపచెట్టు కింద దూడను పడవేసి, నాలుగు కాళ్ళూ బంధించి, రెండు కర్రల నడుమ బీజాలను నలగగొట్టారు. మత్తు లేదు, మందు లేదు. దాని అరుపు వినలేక ఇంట్లోకి పరుగెత్తాను. చర్మం కోయకుండా లోపలి నాళాలను మాత్రమే నొక్కే బర్డిజో పట్టకారు అనే ఇటలీ దేశపు పరికరం ఇరవయ్యవ శతాబ్దంలోనే వచ్చింది గాని, మా ఊరి వేపచెట్టు కిందికి ఆనాటికి చేరలేదు. ఈ పిల్లి రాత్రులు కొట్లాడి, చెవి చీరుకొని, రెండుసార్లు మెడమీద చీముగడ్డతో వచ్చినా రెండేళ్ళు నేను జాగు చేసింది ఆ అరుపు మరవలేకనే.

ఈ వ్యవహారం ఎంత పాతదో చెప్పే సాక్ష్యం మౌర్యుల కాలం నాటిది. అశోకుని శాసనాలనగానే మనకు మన కర్నూలు సీమలోని ఎర్రగుడి బండలు గుర్తుకు వస్తాయి. అయితే నేను చెప్పబోయేది అక్కడ లేదు. ఉత్తరదేశపు స్తంభాల మీద ఉన్నది. పట్టాభిషేకమైన ఇరవైయారేళ్ళకు, అంటే సుమారు క్రీ.పూ. 243లో, ఆయన వేయించిన అయిదవ స్తంభశాసనం అది. అష్టమి, చతుర్దశి, పర్వతిథులలోనూ, తిష్య పునర్వసు నక్షత్రాలు ఉన్న రోజులలోనూ, పండుగలలోనూ ఎద్దులకు, మేకపోతులకు, పొట్టేళ్ళకు, పందులకు విత్తు కొట్టరాదని ఆజ్ఞ. కోడిపుంజులకైతే ఆ పని అసలే కూడదన్నాడు. అక్కడ వాడిన 'వధి' అనే ప్రాకృతపదం సంస్కృతంలోని 'వధ్రి'. బీజం తీసిన జంతువని అర్థం.

చక్రవర్తి ఎద్దుల విషయంలో పూర్తిగా నిషేధించలేదు, గమనించండి. తిథులు చూసి ఆపమన్నాడు. ఎద్దు లేనిదే మడక సాగదు, మడక సాగనిదే రాజ్యం లేదు. కరుణ ఎక్కడిదాకా పోగలదో ఆయనకు తెలిసినట్లున్నది. ఆ జాబితాలో పిల్లి లేదు. పైగా అదే శాసనంలో ఒక జీవికి మరొక జీవిని ఆహారంగా పెట్టరాదని కూడా ఉన్నది. మా పిల్లికి చదువు వచ్చి ఉంటే ఎంత బాధపడేదో!

మాది నవనందుల నంద్యాలకు దగ్గరి ప్రాంతం. శివాలయంలో నంది వృషణాన్ని స్పృశించి, కొమ్ముల నడుమగా లింగాన్ని దర్శించే ఆచారం మనదే. వృషభం, వృషణం రెండూ వర్షించడమనే అర్థంగల 'వృష్' ధాతువు నుంచే వచ్చినవి. గుడిలో వృషభానికి మొక్కి, చేలో దాని తమ్ముణ్ణి ఎద్దును చేసి దున్నుకున్నాము. అమరకోశం పిల్లికి చెప్పిన పేర్లలో 'వృషదంశక' ఒకటి. అక్కడ వృష శబ్దానికి ఎలుక అని అర్థం. ఎలుకను కొరికేది కనుక ఆ పేరు.

విత్తు తీస్తే దేహం మారుతుందని పూర్వులకు తెలుసు. పుంజుకు బీజం తీస్తే జుట్టు పాలిపోతుందని, కూత మానుతుందని గ్రీకుదేశపు అరిస్టాటిల్ రాశాడు. ఎందుకు మారుతుందో తెలియడానికి మాత్రం 1849 దాకా ఆగవలసి వచ్చింది. జర్మనీలోని గొట్టింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఆరు కోడిపుంజులను తీసుకొని, కొన్నిటికి బీజాలు తీసి, కొన్నిటికి తీసిన బీజాన్ని కడుపులో మరోచోట నాటాడు. నాటినవి మామూలుగానే కూశాయి, పోట్లాడాయి. నరాల సంబంధం తెగినా గుణం పోలేదు కనుక, బీజం నుంచి ఏదో రక్తంలో కలుస్తున్నదని ఆయన నిర్ణయించాడు. ఆ 'ఏదో' 1935లో చేతికి చిక్కింది. దాని పేరు టెస్టోస్టిరాన్.

పిల్లి ఈ చరిత్రలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. దానికి గోళ్ళున్నాయి కదా! పాశ్చాత్య పల్లెల్లో దాన్ని పొడవాటి బూటులో తలకిందులుగా దూర్చి పని కానిచ్చేవారట. 1846లో బోస్టన్ నగరంలో ఈథర్ మత్తుతో శస్త్రచికిత్స చేసి చూపిన తరువాత, కాలక్రమంలో ఆ మత్తు పశువులకూ దక్కింది.

ఇక మా ఇంటి సంగతి. కోత చిన్నది, కుట్టు లేదు. ఆ రాత్రి తూలుతూ నడిచి గోడకు తల ఆనించి నిలబడింది. మరునాటికి తేరుకొని అన్నం అడిగింది. సంచి కొద్దిగా ఉబ్బి ఉండడం చూసి మా ఆవిడ "అసలు తీశారా?" అని అనుమానించింది. అది వాపు, కొద్దిరోజుల్లో తగ్గింది. పుండులో ఇసుక పడకుండా తొట్టిలో చించిన కాగితాలు వేశాము, నాకకుండా కాపలా కాశాము. రక్తం ఆగకపోయినా, వాపు పెరిగినా, తిండి మానినా వెంటనే తీసుకురమ్మన్నారు. మనుషుల నొప్పిమాత్రలు ఇవ్వవద్దని కూడా వైద్యుడు గట్టిగా చెప్పాడు. పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతక విషం. ఈ ఒక్క ముక్క నలుగురికీ చెప్పండి.

చాలామందికి తెలియనిది మరొకటి ఉన్నది. బీజం తీసిన నాడే పిల్లి సంతానశక్తి పోదు. నాళాల్లో మిగిలినది కొన్ని వారాలు పనిచేస్తుంది. అందుచేత నెలన్నర దాకా ఆడపిల్లుల చెంతకు పోనీయలేదు. స్వభావం అంతకంటె నెమ్మదిగా మారుతుంది. 1973లో అమెరికాలో హార్ట్, బారెట్ అనే ఇద్దరు, ఎదిగిన తరువాత విత్తు తీయించిన గండుపిల్లులను పరిశీలించారు. పదింటిలో సుమారు తొమ్మిదింటికి తిరుగుడు, కొట్లాట, గోడలమీద మూత్రం చిమ్మడం తగ్గాయి. కొన్నిటికి వెంటనే, కొన్నిటికి నెలల మీద. పదవది మారకపోవచ్చునన్న సంగతి మరువరాదు. మా దానికి మూడో నెలకు గోడల వాసన పోయింది. గండుపిల్లి మూత్రపు ఘాటుకు మూలమైన ఫెలినిన్ అనే గంధకపదార్థం బీజం తీశాక తగ్గిపోతుంది. మా ఆవిడ పాపభీతి తగ్గడం కూడా అప్పుడే మొదలైంది.

రైతు చెప్పినట్లు ఎద్దు మాదిరి పడి ఉన్నదా? లేదు. ఎలుకను పడుతూనే ఉన్నది, చెట్టెక్కుతూనే ఉన్నది. ఆకలి మాత్రం పెరిగింది, ఖర్చయ్యే శక్తి తగ్గింది. తిండి తగ్గించకపోతే కొవ్వు పడుతుంది. నేను కొలిచి పెడుతుంటే, వంటింటి వెనుక ఎవరో పాలు పోస్తున్నారు. ఎవరో చెప్పను.

ఇదంతా దాని మేలుకే చేశానని చెప్పుకోవాలని ఉన్నది. చెవి చిరగడం లేదు, చీముగడ్డలు లేవు. ఇలాంటి పిల్లులు సగటున ఎక్కువకాలం బ్రతుకుతాయని కూడా అంటారు. అయినా నా రాత్రి నిద్ర కోసం కూడా చేశాను. ఎద్దు విషయంలో మన పెద్దలు ఈ బుకాయింపు చేయలేదు. మడక కోసమని సూటిగా చెప్పారు. తిథి చూసి ఆపమన్న అశోకుడూ బుకాయించలేదు. నాకు దక్కిన ఊరట ఒక్కటే. ఆ బల్లమీద అరుపు లేదు.

మా ఆవిడ దాన్ని ఇప్పటికీ గండుపిల్లి అనే పిలుస్తున్నది. అదీ పలుకుతున్నది. మీ సీమలో ఇటువంటి పిల్లికి ప్రత్యేకమైన మాట ఏదైనా వాడుకలో ఉంటే దయచేసి నాకు తెలియజేయండి.