కోళ్ల మేత పరిశోధన: పటాన్‌చెరు, హైదరాబాద్ పరిసరాల చరిత్ర

హైదరాబాద్ చుట్టూ యాభై ఏళ్లుగా కోళ్ల పెంపకంపై సాగుతున్న శాస్త్ర పరిశోధనకు మూడు ప్రధాన కేంద్రాలున్నాయి. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ గింజను పరిశీలించింది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం, పశువైద్య కళాశాల ఆ గింజను తినే కోడిని పరిశీలించాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గుడ్డును, మాంసాన్ని తినే మనిషిని పరిశీలించింది. మేత, జాతి, రోగం, ధర అనే నాలుగు అంశాలపై జరిగిన ఈ పని మొత్తంలో పదేపదే ముందుకొచ్చిన ప్రశ్న ఒకటుంది: మెట్ట పొలాల్లో పండే జొన్న, సజ్జ కోళ్ల దాణాలో మక్కజొన్న స్థానాన్ని తీసుకోగలవా? కోడి తినగలదా అన్నది ప్రయోగశాలలో త్వరగానే తేలింది. దాణా మిల్లు కొనగలదా అన్నది మాత్రం ప్రతి ఏటా మార్కెట్‌లోనే తేలుతోంది.

నేపథ్యం

1960ల దాకా తెలుగు పల్లెల్లో కోడి పెరటి జీవి. వాకిట్లో రాలిన గింజలు, పురుగులు, వంటింటి మిగుళ్లు తిని ఏడాదికి అరవై గుడ్ల వరకు పెట్టేది. విదేశీ జాతుల లేయర్ కోళ్లు వచ్చాక అదే కాలంలో మూడు వందల గుడ్లు సాధ్యమయ్యాయి. అయితే ఆ కోడి షెడ్డులో ఉంటుంది, దాని నోటికందేదంతా కొని పెట్టాల్సిందే. పెరటి కోడికి లేని మేత ఖర్చు ఇక్కడే మొదలైంది.

ఈ మార్పుకు వ్యాపార రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు బండా వాసుదేవరావు. బి.వి. రావుగా పేరుపొందిన ఆయన 1971లో హైదరాబాద్‌లో వెంకటేశ్వర హేచరీస్‌ను ప్రారంభించారు. తర్వాత ఆ సంస్థ కేంద్రం పుణెకు మారింది. గుడ్డు ధరను వ్యాపారులు తమ ఇష్టానికి నిర్ణయిస్తున్న రోజుల్లో, 1982లో, ఆయన చొరవతో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడింది. రోజువారీ ధర ప్రకటించే ‘నెక్’ అదే. రైతులే ధర చెప్పుకునే ఏర్పాటు దక్షిణాది లేయర్ ఫారాల విస్తరణకు దన్నుగా నిలిచింది.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 8 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 10.78 కోట్ల కోళ్లు, ఇతర పెంపుడు పక్షులు ఉన్నాయి. 2022–23లో దేశంలో ఉత్పత్తయిన 13,838 కోట్ల గుడ్లలో ఆంధ్రప్రదేశ్ వాటా 20 శాతం, తెలంగాణ వాటా దాదాపు 13 శాతం. అంటే దేశంలోని ప్రతి మూడు గుడ్లలో ఒకటి తెలుగు నేల మీదిది.

సంస్థలు

హైదరాబాద్‌లో పశువైద్య కళాశాల 1946లో మొదలైంది. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగమైన ఈ కళాశాల, రాష్ట్ర విభజన తర్వాత పి.వి. నరసింహారావు పేరిట ఏర్పడిన తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. కోళ్ల పోషణపై ప్రయోగాలు, విద్యార్థుల పరిశోధనలు ఎక్కువగా ఇక్కడే జరిగాయి.

భారత వ్యవసాయ పరిశోధన మండలి 1988లో రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధనకు ప్రాజెక్టు డైరెక్టరేట్‌ను నెలకొల్పింది. అఖిల భారత సమన్వయ ప్రజనన పథకం బాధ్యత కూడా దీనికి దక్కింది. 2013లో ఇది పూర్తి స్థాయి సంచాలకాలయమైంది. వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి, కృషిబ్రో ఇక్కడ రూపొందిన రకాలు. వీటిలో వనరాజ, గ్రామప్రియ పల్లెల్లో ఎక్కువ పరిచితం. రంగురంగుల ఈకలతో నాటు కోడిలా కనిపించే వనరాజ మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోసం రూపొందింది. పెరట్లో తిరిగి సగం మేత తానే వెతుక్కునే కోడిని తయారుచేయడం కూడా మేత ఖర్చుకు ఒక జవాబే. మెడ మీద ఈకలు రాకుండా చేసే జన్యువు, కోడిని పొట్టిగా ఉంచే జన్యువు ఉన్న వంశాలపై ఇక్కడ జరిగిన పనికి కారణం దక్కన్ ఎండలు. ఈకలు తక్కువైతే ఒంటి వేడి సులువుగా బయటికి పోతుంది, నడి వేసవిలో కూడా కోడి మేత మానదు.

ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరు దగ్గర ఏర్పడింది. జొన్న, సజ్జ, వేరుశనగ, కంది, శనగ దాని పంటలు. ఇవన్నీ వాన మీద ఆధారపడే మెట్ట రైతు పంటలు. కోడి ఈ సంస్థ పరిధిలో ఎక్కడా లేదు. జొన్నకు కొనుగోలుదారు కరువైనప్పుడు మాత్రం సంస్థ దృష్టి దాణా మిల్లుల వైపు మళ్లింది.

జొన్న కథ

1970లలో దేశంలో కోటీ 60 లక్షల హెక్టార్లలో సాగైన జొన్న ఇప్పుడు 40 లక్షల హెక్టార్ల స్థాయికి పడిపోయింది. రేషన్ బియ్యం, గోధుమలు చవకగా దొరకడంతో జొన్న రొట్టె తినేవాళ్లు తగ్గారు. యాసంగి జొన్న గింజ తెల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది కాబట్టి దానికి తిండి గింజగా గిరాకీ నిలిచింది. వానాకాలం జొన్న పరిస్థితి వేరు. గింజ గట్టిపడే వేళ వాన పడితే బూజు పట్టి నల్లబడుతుంది. మనుషులు కొనరు, ధర పడిపోతుంది. ఆ గింజకు దాణా మిల్లే దిక్కు.

దాణాలో జొన్న మీద చాలాకాలంగా ఉన్న అనుమానం టానిన్ గురించి. కొన్ని ఎర్ర జొన్న రకాల్లో ఎక్కువగా ఉండే ఈ వగరు పదార్థం మాంసకృత్తులతో ముడిపడి అరుగుదలను తగ్గిస్తుంది. మన దేశంలో ఎక్కువగా పండే తెల్ల జొన్నల్లో టానిన్ బాగా తక్కువ. మాంసకృత్తుల్లో జొన్న మక్కకు తీసిపోదు, శక్తిలో మాత్రం కొద్దిగా వెనకబడుతుంది. ఇంకో లోటు రంగు. పచ్చసొనకు పసుపు తెచ్చే వర్ణకాలు పసుపు మక్కలో ఉంటాయి, జొన్నలో దాదాపు ఉండవు. జొన్న ఎక్కువైతే సొన పాలిపోతుంది, దుకాణంలో గుడ్డు వెనక్కి వస్తుంది. ఈ లోటును వేరే వర్ణక పదార్థాలతో పూడ్చవచ్చు, కానీ దానికీ ఖర్చుంది.

2003లో బ్రిటన్ ప్రభుత్వ నిధులతో ఇక్రిశాట్ ఒక కూటమిని కూర్చింది. అందులో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, జానకీ ఫీడ్స్, ఆంధ్రప్రదేశ్ పౌల్ట్రీ సమాఖ్య, రైతు సంఘాల సమాఖ్య భాగస్వాములు. శాస్త్రవేత్త, దాణా మిల్లు, కోళ్ల రైతు, జొన్న రైతు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఈ ప్రయత్నంలోని కొత్తదనం. విశ్వవిద్యాలయం బ్రాయిలర్లకు, లేయర్లకు జొన్న దాణా పెట్టి చూసింది. టానిన్ తక్కువగా ఉండి, గింజ శుభ్రంగా ఉంటే మక్క స్థానంలో జొన్న వాడవచ్చని, ఎదుగుదలకు చెప్పుకోదగ్గ నష్టం లేదని తేలింది. 2005 తర్వాత ఇదే పని సజ్జను కూడా కలుపుకొని భారత్, చైనా, థాయ్‌లాండ్ దేశాలకు విస్తరించింది. రైతులు సంఘాలుగా ఏర్పడి, గింజను ఒకచోట ఆరబెట్టి, నిల్వచేసి, మిల్లుకు నేరుగా అమ్మే పద్ధతిని పల్లెల్లో పరీక్షించారు.

అసలు చిక్కు ఆ దశలోనే బయటపడింది. దాణా మిల్లుకు రోజూ లారీల లెక్కన ఒకే నాణ్యత సరుకు కావాలి. జొన్న రైతు దగ్గర ఉండేవి కొన్ని బస్తాలు, అదీ ఏడాదిలో ఒకటి రెండు నెలలే. మక్క కంటే జొన్న ధర స్పష్టంగా తక్కువున్నప్పుడే మిల్లు అటు చూస్తుంది. ఆ తేడా పోగానే మక్కకు తిరిగిపోతుంది. అలా జొన్న దాణాలో శాశ్వత సరుకు కాలేదు, మక్క ధర పెరిగినప్పుడల్లా గుర్తొచ్చే సరుకుగా మిగిలింది. ఇదే కాలంలో రాజేంద్రనగర్ సంచాలకాలయం సజ్జ, కొర్ర, రాగులకు ఎంజైములు జోడించి బ్రాయిలర్ల మీద చేసిన ప్రయోగాలను 2004లో ప్రచురించింది.

బూజు విషం

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని రోగంతో చనిపోయాయి. కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లీ పిండిలోని బూజు విషమని తేలింది. అఫ్లటాక్సిన్ లోకానికి తెలిసింది అలా. పల్లీ చెక్కను ప్రధాన మాంసకృత్తిగా వాడే తెలుగు ప్రాంతానికి ఇది దూరపు వార్తగా ఉండిపోలేదు. 1982లో చిత్తూరు జిల్లాలో కోడిపిల్లలు భారీగా చనిపోయాయి. 1985లో వరంగల్, రంగారెడ్డి జిల్లాల ఫారాల్లో గుడ్ల ఉత్పత్తి 85 శాతం నుంచి 40 శాతానికి పడింది. అక్కడ దోషి బూజు పట్టిన మక్క. దాణా మార్చాక ఉత్పత్తి కోలుకుంది.

విషం ఎక్కువైతే కోడి చనిపోతుంది, రైతుకు వెంటనే తెలుస్తుంది. తక్కువైతే కాలేయం దెబ్బతిని, రోగనిరోధక శక్తి తగ్గి, టీకా కూడా సరిగా పనిచేయదు. రైతు టీకాను అనుమానిస్తాడు, దాణాను కాదు. పోషకాహార సంస్థ ఇలాంటి ఘటనలను నమోదు చేసి విశ్లేషించింది. ఇక్రిశాట్ పటాన్‌చెరు ప్రయోగశాలలో తక్కువ ఖర్చుతో అఫ్లటాక్సిన్‌ను కొలిచే ఎలైజా పరీక్షను రూపొందించింది. వేరుశనగ ఎగుమతి కోసం మొదలైన ఆ పరీక్ష దాణా సరుకుకూ పనికొచ్చింది. సోయా చెక్క వాడకం పెరగడంతో పల్లీ చెక్క ప్రాధాన్యం తగ్గింది.

రోగాలు, మందులు

కొక్కెర తెగులుకు దేశంలో వాడుకలో ఉన్న రాణీఖేత్ పేరు 1920ల చివర అది కనిపించిన హిమాలయ పట్టణానిది. ముక్తేశ్వర్‌లో తయారైన టీకాతో అది అదుపులోకి వచ్చింది. హైదరాబాద్ శాంతినగర్‌లోని ప్రభుత్వ పశు జీవ ఉత్పత్తుల సంస్థ తెలుగు జిల్లాలకు టీకాలు అందించింది. పక్షి జ్వరం (బర్డ్ ఫ్లూ) దేశంలో తొలిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని కానూరు, వేల్పూరు ఫారాల్లో దాన్ని నిర్ధారించారు. రోగం సోకిన ఫారం చుట్టూ కిలోమీటరు పరిధిలోని కోళ్లను చంపేస్తారు. దూరాన రోగం లేని ఫారాలు కూడా పడిపోయిన ధరతో నష్టపోతాయి.

యాంటీబయాటిక్ కథకు ఒక తెలుగు మూలం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు నాయకత్వం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలోనే ఆరియోమైసిన్ తయారైంది. ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని మేతలో కలిపితే కోడిపిల్లలు త్వరగా ఎదుగుతున్నాయని ఆయన మరణించిన కొద్దికాలానికే అక్కడి శాస్త్రవేత్తలు గమనించారు. దాంతో ఎదుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్ వాడకం ప్రపంచమంతా పాకింది. దానివల్ల మందులకు లొంగని మొండి సూక్ష్మజీవులు పెరుగుతున్నాయని యూరప్ 2006లో ఈ వాడకాన్ని నిషేధించింది. భారత ప్రభుత్వం 2019 జులైలో ఆహార జంతువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది.

పటాన్‌చెరు పారిశ్రామికవాడకు ఈ సమస్యతో ఇంకో సంబంధం ఉంది. ఇక్కడి మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. అప్పటి నుంచి మొండి సూక్ష్మజీవులపై ప్రపంచ పరిశోధనలో ఈ ఊరి పేరు తరచూ కనిపిస్తోంది. కోళ్ల ఫారం, ఆసుపత్రి, కర్మాగారపు కాలువ మూడింటినీ కలిపి చూడాలన్న ఆలోచనకు ఈ ఫలితం బలమిచ్చింది.

కౌజు పిట్టలు

జపాన్ కౌజు పిట్ట 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి బరేలీ సమీపంలోని ఇజ్జత్‌నగర్‌కు వచ్చింది. 1979లో అక్కడే ఏర్పడిన కేంద్ర పక్షి పరిశోధన సంస్థ దేశీయ రకాలను రూపొందించి రాష్ట్రాలకు అందించింది. గుడ్డు పొదగడానికి 17–18 రోజులు చాలు, అయిదు వారాలకు పిట్ట అమ్మకానికి సిద్ధం, ఆరేడు వారాలకు గుడ్లు మొదలు. ఒక కోడి ఉండే చోట ఎనిమిది పది పిట్టలు ఇముడుతాయి. ఇవి తెలుగు రాష్ట్రాల్లో చిన్న రైతులను ఆకర్షించిన గుణాలు. మేత లెక్క మాత్రం అంత అనుకూలం కాదు. పిల్లలకు 24 శాతానికి మించి మాంసకృత్తులున్న దాణా కావాలి, అది బ్రాయిలర్ దాణా కంటే ఖరీదు. పెద్ద పిట్ట రోజుకు పాతిక గ్రాములకు పైగా తిని పది గ్రాముల గుడ్డు పెడుతుంది. 110 గ్రాములు తిని 55 గ్రాముల గుడ్డు పెట్టే లేయర్ కోడే మేతను పొదుపుగా వాడుతుంది. కౌజు లాభం వేగంలో, తక్కువ చోటులో, ప్రత్యేక ధరలో ఉంది. 2011లో వన్యప్రాణి చట్టం పేరిట కొత్త ఫారాలపై వచ్చిన ఆంక్ష ఈ పెంపకాన్ని కొంతకాలం దెబ్బతీసింది, తర్వాత దాన్ని సడలించారు.

ఆర్థికం, ప్రస్తుత స్థితి

కోళ్ల పెంపకం ఖర్చులో 60 నుంచి 70 శాతం మేతదే. లేయర్ కోడి ఏడాదికి 40 కిలోల దాణా తిని 300 పైచిలుకు గుడ్లు పెడుతుందనుకుంటే, దాణా కిలోకు ఒక్క రూపాయి పెరిగితే గుడ్డు ఖర్చు 13 పైసలు పెరుగుతుంది. లక్ష కోళ్ల ఫారానికి అది ఏడాదికి 40 లక్షల రూపాయలు. అందుకే 2021లో సోయా చెక్క ధర ఎగబాకినప్పుడు, కోళ్ల పరిశ్రమ ఒత్తిడితో కేంద్రం జన్యుమార్పిడి సోయా చెక్కను 12 లక్షల టన్నుల మేర దిగుమతి చేసుకోనిచ్చింది.

గిరాకీ వైపు ప్రభుత్వ పథకాల పాత్ర పెద్దది. ప్రతి మనిషికి ఏడాదికి 180 గుడ్లన్న పోషకాహార సంస్థ సిఫారసు విధానాలకు కొలమానమైంది. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు భోజనంతో పాటు గుడ్డు ఇస్తోంది.

ఇప్పుడు మక్క కోసం కొత్త పోటీదారు వచ్చాడు. పెట్రోలులో కలిపే ఇథనాల్ కోసం డిస్టిలరీలు మక్కను భారీగా కొనడంతో దాణా ధర మళ్లీ పెరిగింది. ఇథనాల్ తీశాక మిగిలే పిప్పి చవకగా దాణా మిల్లులకు చేరుతోంది. గింజలో బూజు విషం ఉంటే పిప్పిలో అది మరింత చిక్కబడుతుంది కాబట్టి అఫ్లటాక్సిన్ పరీక్ష మళ్లీ అవసరమైంది. మక్క ధరతో పాటే జొన్న, సజ్జల పేర్లు కూడా మిల్లుల లెక్కల్లోకి తిరిగొచ్చాయి. ఇరవై ఏళ్ల కిందటి కూటమి తేల్చిన షరతులు మారలేదు: గింజ పొడిగా, శుభ్రంగా, పెద్ద మొత్తంలో, మక్క కంటే చవకగా దొరకాలి. వీటిలో చివరి మూడింటి పరిష్కారం ప్రయోగశాలల చేతిలో లేదు. గోదాములు, రైతు సంఘాలు, ముందస్తు ఒప్పందాలు ఉన్నచోటే జొన్న దాణా సంచిలోకి చేరింది.