నానీమా బయాజ్, అమలాపురం జిల్ద్ దుకాణం



పోయిన నెల మా చిన్నమ్మాయిని స్కూల్లో స్క్రాప్ బుక్ తెమ్మన్నారు. అమలాపురం గడియార స్తంభం సెంటరుకి తీసుకెళ్ళాను. స్టేషనరీ షాపులో రెడీమేడ్‌గా దొరికింది. రంగురంగుల మందపాటి కాగితాలు, స్పైరల్ బైండింగు. పక్కనే బొమ్మల చార్టులు: పళ్ళు, పక్షులు, స్వాతంత్ర్య సమరయోధులు. ఏ పాఠానికి ఏ చార్టు కావాలో షాపు కుర్రాడే చెప్పేశాడు, మేము ఆలోచించాల్సిన పని కూడా లేకుండా. ఇంటికొచ్చి అంటిస్తూ మా అమ్మాయి అడిగింది: "అబ్బా, ఇది ఇంగ్లీషోళ్ళ హాబీనా?"

అవునని చెప్పబోయి ఆగాను. అటక మీద సందూక్ గుర్తొచ్చింది. అందులో తెల్లటి మల్లుగుడ్డలో చుట్టి మా నానీమా బయాజ్ ఉంది.

బయాజ్ అంటే అరబ్బీలో తెల్లదనం. రాయని తెల్ల కాగితాల పుస్తకం అన్నమాట. మనసుకి నచ్చిన షేర్లు, దువాలు, దగ్గుకీ జ్వరానికీ నుస్ఖాలు, పిల్లల పుట్టిన తారీఖులు, మర్హూమ్‌ల ఇంతెఖాల్ తారీఖులు అందులో ఎక్కించుకునేవాళ్ళు. చదువొచ్చిన పాత ముస్లిం ఇళ్ళలో ఇదొక రివాజు. మా నానీమాది ఉర్దూలో రాసిన బయాజే కానీ, సగం నుంచి రాత తగ్గి అంటించినవి ఎక్కువవుతాయి. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "పారేయడానికి చెయ్యి రాలేదురా" అంది.

ఆ మాట వెనక అదబ్ ఉంది. ఏడాది గడిచిన మక్కా మదీనా క్యాలెండరు ఉంటుంది, దాన్ని చెత్తలో వేస్తామా? పత్రికలో ఆయత్ అచ్చవుతుంది, ఆ కాగితంలో పకోడీలు చుడతామా? మన ఇళ్ళలో అలాంటివన్నీ ఒక సంచిలో పోగేసి, నిండాక పారే నీళ్ళలో 'ఠండా' చేస్తారు. కోనసీమలో నీళ్ళకేం కరువు, వీధికో కాలవ. కానీ నానీమాకి కొన్నింటిని వదలాలనిపించేది కాదు. అందంగా రాసిన బిస్మిల్లా, రౌజా తస్వీర్, షాదీ రుఖాల మీది బంగారు పువ్వులు. కత్తెరతో జాగ్రత్తగా కోసి బయాజ్‌లో అంటించేది. మా ఇంట్లో స్క్రాప్ బుక్ అలా మొదలైంది. ఎవరినో చూసి నేర్చుకున్నది కాదు.

ఇంకా వెనక్కి వెళ్తే ఇది పాదుషాల పని. మొఘల్ దర్బారులో దీన్ని మురఖ్ఖా అనేవారు. ఆ మాటకి అర్థం అతుకులేసినది అని. సూఫీల అతుకుల జుబ్బాకీ అదే పేరు. మనం పెళ్ళి పిలుపుని రుఖా అంటాం చూడండి, అదీ ఆ ధాతువు నుంచి వచ్చిందే: ముక్క, చిన్న కాగితం. జహంగీర్ తయారు చేయించిన గుల్షన్ మురఖ్ఖాలో ఖుష్‌ఖత్ రాతలు, దర్బారు చిత్రకారుల బొమ్మలతో పాటు యూరప్ నుంచి వచ్చిన అచ్చు బొమ్మలు కూడా కోసి అంటించి, చుట్టూ అంచులకి బంగారు పని చేయించారు. అతని మనవడు దారా షికోహ్ 1640ల్లో ఒక మురఖ్ఖాని తన బేగం నాదిరా బానూకి కానుకగా ఇచ్చాడు. పువ్వులు, పిట్టలు, మధ్య మధ్య ఖుష్‌ఖత్. 1659లో దారాని తమ్ముడు ఔరంగజేబు చంపించాడు. రాజ్యం పోయింది, మనిషి పోయాడు, బేగం అంతకు ముందే పోయింది. ఆ అంటించిన పుస్తకం మాత్రం ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మా నానీమాకి ఈ సంగతులేవీ తెలియవు. తెలిసుంటే నవ్వేది.

పాదుషాకి కార్ఖానా ఉంది. నానీమాకి ఉన్నది గడియార స్తంభం దగ్గర సందులో ఒక జిల్ద్ దుకాణం. పలకలు, పెన్సిళ్ళు, కోర్టు రికార్డులకి బైండింగు, మస్జిదు ముసహఫ్‌లకి జిల్దులు, అన్నీ అక్కడే. ఆ భాయ్ దగ్గర నల్ల కాగితాల ఆల్బమ్‌లు, ఫోటో మూలలకి పెట్టే జిగురు ముక్కలు, పేజీల మధ్య వేసే పల్చటి బటర్ పేపరు, చమ్కీ పొట్లాలు దొరికేవి. కొత్తపేట నుంచి, రాజోలు నుంచి కూడా వచ్చేవాళ్ళు. సీసా గోందు ఖరీదని నానీమా కొనేది కాదు. భాయే లేయి నేర్పాడట: మైదాని పల్చగా ఉడికించి, దించాక చిటికెడు నీలాతోటా కలపడం. అంటే మైలతుత్తం. అది లేకపోతే వెండిచేపలు ఆ కాగితాన్ని బిర్యానీలా తినేస్తాయి. విషం కాబట్టి పిల్లల్ని దగ్గరికి రానిచ్చేది కాదు.

కోనసీమ తారీఖంతా ఆ పుస్తకంలో ఉంది. 1986 ఆగస్టు గోదారి వరద, పత్రిక ముక్కల్లో. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజులు మండింది. ఆ మంట ఫోటోలు రెండు పేజీలు. 1998లో మన అమలాపురం ఎంపీ బాలయోగి గారు లోక్‌సభ స్పీకరైన రోజు, 2002 మార్చి 3న హెలికాప్టరు కూలి ఆయన పోయిన రోజు. రెండో దాని పక్కన నానీమా ఇన్నాలిల్లాహి రాసి పెట్టింది. ఎవరో ఆక్షేపిస్తే, "మనూరి బిడ్డ, నా ఏడుపు నేను రాసుకున్నా" అందట.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, ప్రతి ఇంట్లో ఒక కథ ఉంటుంది. మా పెంకులు లేచిపోయాయి, కొబ్బరి తోట పడుకుంది, సందూక్‌లోకి నీళ్ళెళ్ళి బయాజ్ ముద్దయింది. మూడో రోజు, పడిపోయిన చెట్లు దాటుకుంటూ నానీమా దాన్ని గుడ్డలో చుట్టుకుని ఆ దుకాణానికి వెళ్ళింది. భాయ్ దుకాణం కూడా తడిసింది. అయినా ఆకు ఆకు మధ్య అద్దుడు కాగితం పెట్టి, రోజూ మారుస్తూ, నీడలో ఆరబెట్టాడు. ఎండలో పెడితే వంకరపోతుందన్నాడట. జిల్ద్‌కి మాత్రమే డబ్బులు తీసుకున్నాడు. ఇప్పటికీ ఆ పేజీల్లో సిరా నీలి మబ్బులా పాకి ఉంటుంది కానీ, రాత చదవొచ్చు.

చదవొచ్చు అన్నాను. ఎవరు చదవాలి? మా అమ్మకి కూడబలుక్కుని వస్తుంది. నేను తెలుగు మీడియం. ఖురాన్ చదువుతాను కానీ ఉర్దూ చేతిరాత నాకు పట్టుబడదు. మా పిల్లలకి తెలుగు కూడా అంతంతమాత్రమే. మన తరంలో చాలా ఇళ్ళ పరిస్థితి ఇదే.

తర్వాత గల్ఫ్ వచ్చింది. రాజోలు, మలికిపురం వైపు ఇంటికొకరు కువైట్‌కో దుబాయ్‌కో వెళ్ళారు. మా పెద్ద మామూ కూడా వెళ్ళాడు. అక్కడి నుంచి ఖత్‌లతో పాటు బంక పేజీల ఆల్బమ్‌లు వచ్చాయి, పైన ప్లాస్టిక్ పొరతో. అందరం మెచ్చుకున్నాం. ఇరవై ఏళ్ళకి ఆ బంక పసుపెక్కి, ఫోటోలు పేజీకి కరుచుకుపోయి ఊడి రావడం లేదు. నానీమా లేయితో అంటించినవి శుభ్రంగా ఉన్నాయి.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మామూ మొదటి ఖత్, నీలం మడత కాగితం మీద రాసింది, చినుగుతోందని హిఫాజత్ కోసం లామినేషన్ చేయించాను. లోపలి మడత విప్పలేదు. వేడికి అతుక్కుపోయింది. నానీమా అడిగితే చూపించాను. కాసేపు రెండు వైపులా తిప్పి చూసి, "లోపలే కదరా మాట్లాడింది" అని సందూక్‌లో పెట్టేసింది. ఇప్పుడు మామూ లేడు, నానీమా లేదు. ఆ ఖత్‌లో ఏముందో ఎవరికీ తెలియదు.

అమెరికాలోనూ ఈ దుకాణాల కథ ఇంచుమించు ఇలాగే నడిచింది. అక్కడ స్క్రాప్ బుక్ పాత అలవాటే. మార్క్ ట్వైన్ అనే రచయిత 1873లో ముందే జిగురు పూసిన పుస్తకానికి పేటెంటు కూడా తీసుకున్నాడు. కానీ ఇప్పటి మోజు యూటా రాష్ట్రంలో మొదలైంది. అక్కడి మోర్మన్ మతస్థులకి వంశవృక్షాలంటే, మన షజ్రాల్లాగా, ప్రాణం. 1980లో సాల్ట్ లేక్ సిటీ సభలో ఒక కుటుంబం తమ ఆల్బమ్‌లు చూపించి, మరుసటేడు స్పానిష్ ఫోర్క్ అనే చిన్న ఊళ్ళో దుకాణం తెరిచింది. చూస్తుండగా ఊరూరా అలాంటివి వెలిశాయి, ఆడవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ అంటించుకునే చోట్లు. తర్వాత పెద్ద పెద్ద మాల్ షాపులు, ఆ వెనక సెల్ ఫోన్లు వచ్చాయి, చాలా వరకూ మూతపడ్డాయి. మన భాయ్ దుకాణం మూతపడటానికి అంత కూడా అక్కర్లేకపోయింది. కోర్టు బైండింగు తగ్గింది, కొడుకులు గల్ఫ్ వెళ్ళారు. ఇప్పుడక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.

ఇంట్లో ఒక బహస్ కూడా నడిచింది. మా ఖాలా కొడుకు, దీన్‌దార్ మనిషి, బొమ్మలున్న పేజీలు తీసేయమన్నాడు, ఇంట్లో తస్వీర్‌లుంటే ఫరిష్తాలు రారని. కువైట్ నుంచి చిన్న మామూ ఫోన్లో, స్కాన్ చేసి అసలుది ఠండా చేసేయండి, ఎన్నాళ్ళు మోస్తారు అన్నాడు. అమ్మ ఇద్దరికీ ఒకటే జవాబిచ్చింది: "అది గోడ మీద లేదు, గుడ్డలో ఉంది. నా తల్లి అమానత్." బొమ్మలున్న పేజీల మధ్య నానీమా బటర్ పేపరు వేసింది ఎందుకో నాకు అప్పుడు తట్టింది.

ఇప్పుడు ఆదివారాలు మధ్యాహ్నం అమ్మ చదువుతుంది, పట్టుబడని చోట మస్జిదు హాఫిజ్ సాబ్‌ని అడుగుతుంది, నేను విడి కాగితం మీద తెలుగులో రాస్తాను, మా అమ్మాయి ఆ కాగితాన్ని ఎదురు పేజీలో అతికిస్తుంది. పదిహేడు పేజీలయ్యాయి. స్కూలు కోసం కొన్న జిగురు కర్ర వద్దంది అమ్మ, లేయి ఉండాల్సిందేనంది. మైలతుత్తం ఏ స్టేషనరీ షాపులోనూ లేదు. చివరికి ఎర్ర వంతెన దగ్గర ఎరువులు, పురుగుమందులు అమ్మే కొట్లో దొరికింది. కొబ్బరి చెట్లకా అని అడిగాడతను. పుస్తకానికి అన్నాను.