బొగ్గు బస్సు నుంచి బ్యాటరీ బస్సు దాకా

1948 జూన్ 1న పుణె నుంచి అహ్మద్‌నగర్‌కు మొదటి ఎస్.టి. బస్సు నడిచింది. మహారాష్ట్రలో ఎర్రబస్సు పుట్టినరోజు అంటే అదే. 2022లో అదే తేదీన, అదే దారిలో 'శివాయి' అనే కరెంటు బస్సును ప్రారంభించారు. బాగానే ఉంది. కానీ నాందేడ్‌వాళ్ల బస్సు చరిత్ర ఆ తేదీతో మొదలు కాలేదు. 1948 జూన్‌లో మనం ఇంకా హైదరాబాదు సంస్థానంలో ఉన్నాం. పోలీసు చర్యకు అప్పటికి మూడు నెలల వ్యవధి ఉంది.

మన లెక్క 1932 జూన్ 15 నుంచి. ఆ రోజు నిజాం రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టారు. బస్సులు స్కాట్లాండులో తయారైన ఆల్బియన్లు. దేశంలో ప్రభుత్వమే బస్సులు నడిపిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి.

సముద్రం దాటి వచ్చిన బండికి సామాను కూడా సముద్రం దాటే రావాలి. అందుకే ఆ రోజుల్లో బండి నడిపేవాడికి బండి విప్పడం కూడా వచ్చి ఉండాలి. మోటారు పుట్టుకలోనే ఈ సంగతి ఉంది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని సుమారు వంద కిలోమీటర్లు కారులో వెళ్లింది. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో శుభ్రం చేసింది. బ్రేకు అరిగితే ఒక చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. నా దృష్టిలో లోకంలోని తొలి రోడ్డు మెకానిక్ ఆమే.

కరెంటు కారు కొత్త వింత అనుకుంటాం గానీ, 1900 ప్రాంతంలో అమెరికాలోని కార్లలో దాదాపు మూడోవంతు కరెంటువే. పెట్రోలు కారును స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. అది వెనక్కి కొడితే మణికట్టు విరిగేది. 1912లో కాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. అది కూడా కరెంటు మోటారే. కరెంటు కారును ఇంటికి పంపిన కారణాల్లో ఆ చిన్న కరెంటు మోటారు ఒకటి కావడం విచిత్రం.

రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలుకు రేషను వచ్చాక దేశమంతటా బొగ్గు బస్సులు కనిపించాయి. వెనుక ఇనుప పొయ్యి, అందులో కట్టెబొగ్గు, దాని నుంచి వచ్చే గ్యాసుతో ఇంజను. బండి కదలాలంటే ముందు పొయ్యి రాజేసి గ్యాసు పట్టేదాకా ఆగాలి. బూడిద తీయాలి, ఫిల్టరు దులపాలి. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి నడవడమో, తొయ్యడమో. ఇంధనం మారినప్పుడల్లా మనిషి చేతికి కొత్త పని నేర్పింది. ఈ మాట గుర్తుంచుకోవాలి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

1956 నవంబరు 1న సంస్థానం మూడు ముక్కలైంది. నాందేడ్ బొంబాయి రాష్ట్రంలో చేరింది. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ధర్మాబాద్ ఇటే ఉండిపోయింది. ఆదిలాబాదు నుంచి కిన్వట్, ఇస్లాపూర్ మనవైపు వచ్చాయి. ఒక్క రోజులో ఒకే రవాణా శాఖ బస్సులకు వేర్వేరు యజమానులు వచ్చారు. అయితే గ్యారేజీ భాషను ఏ కమిషనూ విడదీయలేదు. మరాఠీలో పానా, ఉర్దూలో పానా, తెలుగులోనూ పానాయే. పని నేర్పేవాడు ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా ఉస్తాదే. మన తెలుగు పిల్లలు బడిలో నేర్చుకోలేని పొరుగు భాషను జాకీ కింద పడుకొని నేర్చుకున్నారు.

అంబాసిడర్ ఉన్న ఇంట్లో యజమానికి ప్లగ్గు విప్పడం, రేడియేటర్లో నీళ్లు చూడడం, ఫ్యాన్ బెల్టు బిగించడం వచ్చేవి. రాకపోతే దారిలో నిలబడేవాడు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక జనం బానెట్ ఎత్తడం మెల్లగా మానేశారు. బండి నమ్మకస్తురాలైంది, యజమాని బద్ధకస్తుడయ్యాడు.

ఇక కరెంటు కార్లు. 1993లో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో 'లవ్‌బర్డ్' అనే రెండు సీట్ల కారు కనిపించింది, నిలవలేదు. 2001లో బెంగళూరు రేవా వచ్చింది. దాని సీసపు బ్యాటరీలలో డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటూ ఉండాలి, కొన్నేళ్లకు మొత్తం మార్చాలి. యజమానికి ఆ మాత్రం పని మిగిలింది. ఇప్పటి లిథియం బ్యాటరీతో అదీ లేదు. ఇంజను ఆయిలు లేదు, ప్లగ్గు లేదు, క్లచ్చు లేదు, సైలెన్సరు లేదు. మోటారులో తిరిగే భాగాలు తక్కువ కాబట్టి చెడేవీ తక్కువే. బ్రేకు కూడా నిదానంగా అరుగుతుంది, ఎందుకంటే వేగం తగ్గించే పనిలో సగం మోటారే చేసి, ఆ కరెంటును తిరిగి బ్యాటరీకి పంపుతుంది.

ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ వ్యాన్లు తయారైన జహీరాబాదు నుంచే మహీంద్రావారి కరెంటు ఆటోలు వస్తున్నాయి. మరి ఉస్తాద్ సంగతేమిటి? నారింజ రంగు తీగల్లో మూడు నాలుగు వందల వోల్టులు ఉంటాయి. అక్కడ పానా పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. లోపం ఏమిటో కంప్యూటరు చెప్పాలి, ఆ కంప్యూటరు కంపెనీ చేతిలో ఉంటుంది. బొగ్గు బస్సు మనిషికి పని నేర్పింది. ఈ బస్సు పని నేర్పకుండానే వెళ్లిపోతుందేమోనని నా బెంగ. పైగా ఎండకు లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. మరాఠ్వాడా మే నెల సంగతి మనకు తెలియనిది కాదు. నీడలో నిలపడం, రోజూ నూటికి నూరు ఛార్జి చేసి ఉంచకపోవడం, టైర్లలో గాలి చూసుకోవడం, ఇవీ యజమాని చేయగలిగినవి.

ఇంకొకటి ఉంది. చాలా కరెంటు కార్లలో పెద్ద బ్యాటరీతో పాటు పాత పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. అది చచ్చిపోతే పెద్దదాంట్లో ఎంత కరెంటు ఉన్నా కారు మేలుకోదు. అప్పుడు కావలసింది రెండు జంపర్ తీగలు. ఏది ప్లస్సో, ఏది మైనస్సో తెలిసిన మనిషి రోడ్డు పక్క షెడ్డులో ఇంకా ఉన్నాడు.