మెదడులో జింకు

మెదడులోని జింకులో అధిక భాగం ప్రొటీన్లను గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. జ్ఞాపకశక్తి విషయంలో ఆసక్తికరమైనది మిగిలిన కొద్ది భాగమే. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లోని మాసీ నాడీ తంతువుల చివర్లలో అది గ్లుటమేట్ అనే నాడీ సంకేత రసాయనంతోపాటు సూక్ష్మ సంచుల్లో నిల్వ ఉంటుంది. దాన్ని ఆ సంచుల్లోకి చేర్చేది జడ్ఎన్‌టీ-3 అనే ప్రొటీన్. నాడీకణం ఉత్తేజితమైనప్పుడు జింకు వెలువడి, గ్లుటమేట్‌ను అందుకునే ఎన్ఎండీఏ గ్రాహకాల జోరును అదుపు చేస్తుంది.

ఈ ప్రొటీన్ లేని ఎలుకలు చిన్న వయసులో మామూలుగానే నేర్చుకుంటాయి. ఆరు నెలల వయసుకు వాటి జ్ఞాపకశక్తి దెబ్బతింటుందని 2010లో వెల్లడైంది. వార్ధక్యానికి సంబంధించి ఇది ఎంతో విలువైన ఆధారం. వయసు పెరిగేకొద్దీ మనుషుల మెదడులోనూ జడ్ఎన్‌టీ-3 తగ్గుతుంది. అల్జీమర్స్ రోగుల్లో మరింత తక్కువ. మరోపక్క, ఆ రోగుల మెదడులో పేరుకునే బీటా అమిలాయిడ్ ప్రొటీన్‌ను గడ్డకట్టించేదీ జింకే. జింకు మాత్రలతో జ్ఞాపకశక్తి పెరుగుతుందన్న ఆశకు గట్టి ఆధారం లేదు. దీర్ఘకాలం మోతాదు మించి వాడితే శరీరంలో రాగి కొరత ఏర్పడి, రక్తహీనత, నరాల జబ్బు రావచ్చు.