గుల్ అబ్బాస్: సహన్‌లో పూసిన ఒక సఫర్



పోయిన వానాకాలంలో మా బిడ్డ బడి నుంచి ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది. ఇంట్లో పూసే పూల పేర్లు ఐదు రాసుకు రమ్మన్నారట. గులాబీ, మల్లె, మందారం, బంతి వరకు టిక్కులు పడ్డాయి. ఐదోది గుల్ అబ్బాస్. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత. "ఇది బయటి పువ్వు. మనది ఏదైనా రాయి, చంద్రకాంత లాంటిది" అన్నారట టీచర్.

బిడ్డను సహన్ మూలకు తీసుకుపోయి, గోడ వారగా ఎర్రగా విరగబూసిన చెట్టు చూపించాను. "ఇదే గుల్ అబ్బాస్, ఇదే చంద్రకాంత. రెండూ ఒకటే బేటా" అన్నాను.

"మరి అమ్మీ, ఒక పేరు మనదీ, ఇంకోటి బయటిదీ ఎట్లయింది?"

ఆ సవాల్‌కు అక్కడికక్కడ జవాబ్ చెప్పలేకపోయాను. తరువాత తీరిగ్గా కూర్చుని చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మా నానీ ఇల్లు జహీరాబాద్. వజూ చేసే చోట నీళ్ళు పారే కాలువ పక్కన ఈ చెట్లు గుంపుగా ఉండేవి. పొద్దంతా ముడుచుకుని ఉండి, ఎండ వాలగానే ఒక్కొక్కటే విచ్చుకునేవి. "గుల్ అబ్బాస్ ఖిల్ గయే, వజూ కర్ లేవ్" అని నానీ కేక వేసేది. మా వైపు హనఫీ అసర్ నాలుగున్నరకూ అయిదుకూ అటూ ఇటూగా ఉంటుంది. పువ్వు కూడా అదే వేళకు విచ్చుకుంటుంది. ఇంగ్లీషు వాళ్ళు దీన్ని నాలుగు గంటల పువ్వు అన్నారు. మగ్రిబ్‌కు సహన్ అంతా ఖుష్బూ. రాత్రిపూట తిరిగే పెద్ద రెక్కల పురుగులు పొడవాటి నాలుకతో తేనె తాగడానికి వస్తాయి. మర్నాడు ఎండెక్కేసరికి పువ్వు ముడుచుకుపోతుంది. మబ్బు పట్టిన రోజు మాత్రం ఇంకాసేపు ఉంటుంది.

జహీరాబాద్‌లో ఒక్క గల్లీ తిరిగితే ఈ పువ్వుకు నాలుగు పేర్లు వినొచ్చు. మన ఇళ్ళలో గుల్ అబ్బాస్. తెలుగు ఇళ్ళలో చంద్రకాంత. కన్నడం మాట్లాడే వాళ్ళకు సంజె మల్లిగె, అంటే సాయంత్రం మల్లె. మరాఠీ వాళ్ళకు గుల్‌బక్షి. దీనికి కారణం ఉంది. నిజాం జమానాలో జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు విడగొట్టినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది, జహీరాబాద్ మెదక్ జిల్లాలో కలిసింది. ఇవాళ సంగారెడ్డి జిల్లాలో ఉంది. హద్దులు మారాయిగానీ జబాన్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. వాటితోపాటు పువ్వు పేర్లూ మిగిలాయి.

ఇంతకీ ఈ నాలుగు జబాన్లలో ఏదీ ఈ మొక్క పుట్టిన చోటిది కాదు. దీని అసలు వతన్ అమెరికా ఖండం, మెక్సికో వైపు. స్పెయిన్ వాళ్ళు ఆ నేల మీద కాలు పెట్టాక, పదహారో శతాబ్దంలో సముద్రం దాటి యూరప్ తోటల్లోకి వచ్చింది. 1597లో లండన్‌లో అచ్చయిన జాన్ జెరార్డ్ మొక్కల గ్రంథంలో దీని మీద ఒక అధ్యాయమే ఉంది. అప్పటికే ఆయన తన తోటలో పెంచుతున్నాడు. అక్కడ దాని పేరు పెరూ అద్భుతం. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ మిరాబిలిస్ జలాపా అని లాటిన్ పేరు పెట్టాడు. మిరాబిలిస్ అంటే అద్భుతమైనది, మనం అజీబ్-ఓ-గరీబ్ అంటామే, అట్లాంటిది. జలాపా అంటే మెక్సికోలోని హలాపా పట్టణం.

ఆ రెండో సగం ఒక పొరపాటు. హలాపా నుంచి జలాప్ అనే విరేచనాల మందు యూరప్‌కు వచ్చేది. ఆ మందు ఈ మొక్క దుంప నుంచే వస్తుందని లినేయస్ అనుకున్నాడు. అసలు జలాప్ వేరే తీగ, మన చిలగడదుంప ఖాన్‌దాన్‌కు చెందినది. తప్పు తెలిసినా పేరు అలాగే నిలిచిపోయింది. మన హకీములు విరేచనాలకు వాడిన జులాబ్ అనే మాట వినడానికి దగ్గరగా ఉన్నా, దానికీ దీనికీ చుట్టరికం లేదు. జులాబ్ ఫార్సీ గులాబ్ నుంచి అరబ్బీలోకి పోయిన మాట.

ఇక అబ్బాస్ సంగతి. హజ్రత్ అబ్బాస్ పేరు మీదే ఈ పువ్వుకు పేరు వచ్చిందని మా నానీ నమ్మేది, అందుకే కింద రాలిన పువ్వును కూడా తొక్కనిచ్చేది కాదు. రివాయత్ మాత్రం షా అబ్బాస్ అని చెబుతుంది. 1588 నుంచి 1629 దాకా ఇరాన్‌ను ఏలిన సఫవీ బాద్‌షా ఆయన. ఇస్ఫహాన్‌ను పాయెతఖ్త్ చేసుకుని చహార్ బాగ్ తోటల దారి వేయించాడు. ఫార్సీలో ఈ పువ్వును ఇప్పటికీ లాలే అబ్బాసీ అంటారు. 1622లో పోర్చుగీసుల చేతుల్లోంచి హోర్ముజ్ లాక్కున్నది ఆయన ఫౌజే. ఆ ఎదురుగా ఉన్న రేవుకు ఆయన పేరు మీదే బందర్ అబ్బాస్ అని పేరు వచ్చింది.

ఆ రేవుకూ మనకూ తాల్లుక్ ఉంది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మన మచిలీపట్నం నుంచి బందర్ అబ్బాస్‌కు ఓడలు నడిచేవి. మచిలీపట్నాన్ని మన వాళ్ళు బందరు అంటారు కదా, ఆ మాటా ఫార్సీదే, రేవు అని అర్థం. ఇరాన్ నుంచి ఆలిములు, హకీములు, తాజిర్లు గోల్కొండకు వచ్చారు. హైదరాబాద్ కట్టిన ముహమ్మద్ ఖులీ కుతుబ్ షా దగ్గర పేష్వాగా ఉన్న మీర్ మోమిన్ అస్తరాబాదీ అట్లా వచ్చినవాడే. మనుషులతోపాటు మాటలూ వచ్చాయి. దక్కన్‌లో గుల్ అబ్బాస్ అనే పేరు నిలబడిందంటే అది ఆ రాకపోకల నిషానీ.

అంటే మొక్క అమెరికాది, గుల్ అబ్బాస్ పేరు ఫార్సీది, చంద్రకాంత పేరు సంస్కృతానిది. రెండు పేర్లూ మొక్క కంటే పాతవి కావు. సీతాఫలం చూడండి. అదీ అమెరికా చెట్టే. సముద్రం దాటి వచ్చాక దానికి సీతమ్మ పేరు పెట్టుకున్నారు. గుల్ అబ్బాస్‌కు అబ్బాస్ పేరు పెట్టుకున్నారు. ఎవరికి ముద్దొచ్చిన పేరు వాళ్ళు పెట్టుకున్నారు, అంతే. మా బిడ్డ పేజీలో టిక్కు పడ్డ బంతి కూడా మెక్సికో నుంచి వచ్చిందే. మన సాలన్‌లో వేసే మిర్చీ అంతే.

పువ్వు నిర్మాణంలోనూ ఒక తమాషా ఉంది. మనం ఎర్ర రేకలు అనుకునేవి అసలు రేకలు కావు. దీనికి ఆకర్షణ పత్రాలే లేవు, రక్షక పత్రాలే రంగు వేసుకుని గొట్టంలా సాగి పైన విచ్చుకుంటాయి. కింద ఆకుపచ్చ గిన్నెలా కనిపించేవి పుచ్ఛాలు. గేటు మీద పాకించే కాగితం పూల తీగ దీనికి దగ్గరి చుట్టం. మన చేల గట్ల మీద నేలకు పాకే అటికమామిడి కూడా అదే ఖాన్‌దాన్. ఈ ఎరుపు గులాబీలో ఉండే ఎరుపు కాదు, బీట్‌రూట్‌లో ఉండే జాతి రంగు. ఉర్దూలో గుల్ అబ్బాసీ అని ఒక రంగు పేరే ఉంది. చీరలు, దుపట్టాలు కొనేటప్పుడు మా అమ్మీ ఆ మాటే వాడేది.

నేల కింద లావాటి దుంప ఉంటుంది. ఎండాకాలంలో పైన కొమ్మలన్నీ ఎండిపోతాయి, చెట్టు చచ్చిందనుకుంటాం. తొలకరి పడగానే జహీరాబాద్ ఎర్రమట్టిలోంచి మళ్ళీ చిగురు లేస్తుంది. విత్తనం నల్లగా, ముడతలతో మిరియం గింజలా ఉంటుంది. పగలగొడితే లోపల తెల్లటి పొడి. జపాన్‌లో దీన్ని తెల్ల పౌడరు పువ్వు అంటారు. మేమూ చిన్నప్పుడు ఆ పొడి బుగ్గలకు రాసుకుని ఆడుకున్నాం. కానీ జాగ్రత్త. విత్తనంలోనూ దుంపలోనూ విషం ఉంది, తింటే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. చిన్నపిల్లల నోటికి అందనివ్వకండి.

ఈ విత్తనంతోనే సైన్స్ తారీఖ్‌లో ఒక పెద్ద మలుపు వచ్చింది. బఠానీ మొక్కల మెండెల్ గురించి బడిలో చదివాం కదా. ఆయన ఈ మొక్క మీద కూడా ప్రయోగాలు చేశాడు. ఆయన పనిని 1900లో మళ్ళీ వెలుగులోకి తెచ్చిన వాళ్ళలో ఒకడు జర్మనీకి చెందిన కార్ల్ కొరెన్స్. ఎర్ర పువ్వునూ తెల్ల పువ్వునూ కలిపితే పిల్ల మొక్క గులాబీ రంగు పూస్తుందనీ, ఆ పిల్లల సంతానంలో ఎరుపూ తెలుపూ మళ్ళీ తేలుతాయనీ చూపించాడు. అసలు సంగతి 1909లో బయటపడింది. కొన్ని చెట్లకు ఒకే మొక్క మీద పచ్చ ఆకుల కొమ్మ, తెల్ల ఆకుల కొమ్మ, మచ్చల ఆకుల కొమ్మ ఉంటాయి. పుప్పొడి ఏ కొమ్మ నుంచి తెచ్చి వేసినా, విత్తనం కాసిన కొమ్మ పచ్చదైతే పిల్ల మొక్కలు పచ్చగానే వచ్చాయి, తెల్లదైతే తెల్లగానే వచ్చాయి. ఆకు రంగు విషయంలో తండ్రి వాటా ఏమీ లేదు. ఆకుకు పచ్చదనం ఇచ్చే రేణువులు ఈ మొక్కలో తల్లి వైపు నుంచే వస్తాయి కాబట్టి అది పూర్తిగా అమ్మ మీరాస్. అట్లాంటి మీరాస్ ఒకటి ఉంటుందని లోకం తెలుసుకున్నది మన వజూ కాలువ పక్కన పూసే ఈ మొక్క వల్ల.

మా ఇంట్లోనూ ఇది అమ్మ వైపు నుంచే వచ్చింది. నానీ తన అమ్మ ఇంటి నుంచి తెచ్చుకుంది. నికాహ్ అయి వెళ్ళేటప్పుడు మా అమ్మీకి రుమాల్ కొసన ముడి వేసి ఇచ్చింది. అమ్మీ నాకు ఖాళీ సుర్మా డబ్బీలో పోసి ఇచ్చింది. జహీరాబాద్‌లో నానీ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ జాగాలో మూడంతస్తుల బిల్డింగు ఉంది, సహన్ మొత్తం సిమెంటు. అక్కడి చెట్లకు మిగిలిన సంతానం నా దగ్గరే ఉంది.

మర్నాడు మా బిడ్డ అదే పేజీలో అడ్డగీత కింద మళ్ళీ రాసింది: గుల్ అబ్బాస్, చంద్రకాంత. రెండు పేర్లూ పక్కపక్కన. ఒక పువ్వు కూడా కోసుకుపోతానంది. పొద్దున్నే బడికి చేరేసరికి ముడుచుకుపోతుందని చెప్పాను. అందుకని గింజలు పట్టుకుపోయింది. టీచర్ తీసుకుని ఇంట్లో వేస్తానన్నారట. మంచి మనిషే, తెలియక అన్న మాటే అది.

మీరూ వేసుకోవాలంటే విత్తనాలు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, తొలకరికి వేలి కణుపు లోతున పెట్టండి. సహన్ లేని ఫ్లాట్ అయినా ఎండ పడే బాల్కనీలో లోతైన కుండీ చాలు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు దీన్ని ఏ పేరుతో పిలుస్తారో అడిగి రాయండి. గుంటూరు, కర్నూలు, కడప వైపు మన వాళ్ళ ఇళ్ళలో ఇంకో పేరేదైనా ఉంటే అదీ మా బిడ్డ నోట్‌బుక్కులో చేరుతుంది.

ఖుదా హాఫిజ్.